రాస్తూ ఆడే ఆట: ధాత కరువులో నలభై రోజులు

క్లబ్ మీటింగులో ఈ ఆట గురించి రెండు ముక్కలు చెప్పినప్పటి నుంచి జూనియర్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, బోర్డు లేదంటావు, కార్డులు లేవంటావు, అందరూ ఒకచోట కూడా లేరంటావు. మరి ఆడేది ఏందన్నా?"

ఆడేది మాట. ఒకరు సూత్రధారి, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. సూత్రధారి ఒక పరిస్థితి చెబుతాడు, పాత్రధారులు తామేం చేస్తారో చెబుతారు. ఫలితం అనుమానంగా ఉన్నచోట పాచిక వేస్తారు. దీన్నే టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో ఇది లోకానికి తెలిసింది. 'స్ట్రేంజర్ థింగ్స్' చూసినవాళ్లకు ఆ పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని అరుచుకునే సీను గుర్తుండే ఉంటుంది. అదే ఇది.

మేము బల్ల చుట్టూ కూర్చోలేదు. వేసవి సెలవులకు నేను కర్నూలులో, మిగతా ఆరుగురు ఆదోని, నంద్యాల, బనగానపల్లె, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరుల్లో. ఒకడు నాన్న అంగట్లో కూర్చోవాల, ఇంకొకరికి గేట్ కోచింగ్, ఇంకొకరి ఊర్లో సాయంత్రమైతే కరెంటు ఉండదు. అందరం ఒకే టైముకు కాల్‌లోకి రావడం అయ్యే పని కాదు. అందుకే టెలిగ్రామ్ గ్రూపులో రాస్తూ ఆడినాం. దూరంగా ఉండి రాతలో ఆడటం కొత్త సంగతేం కాదు. ఉత్తరాల మీద చదరంగం ఎన్నో ఏళ్లుగా ఉంది. 1963లో జాన్ బోర్డ్‌మన్ అనే ఆయన న్యూయార్క్ నుంచి 'డిప్లొమసీ' ఆటను పోస్టులో నడిపించాడు. మా ఆట నలభై రోజులు నడిచింది, చివరిదాకా పోయింది. ఇలాంటి ఆటలు ఎక్కువగా మూడో వారంలోనే చచ్చిపోతాయి కాబట్టి, మాది ఎందుకు చావలేదో రాస్తే మీకు పనికొస్తుందని ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం, ఇంజనీర్లం కదా. బల్ల దగ్గర ఒక కొట్లాట ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. రాతలో అదే పద్ధతి పెట్టుకుంటే? ఆరుగురు పాత్రధారులు, ఒక సూత్రధారి, మొత్తం ఏడు వంతులు. ఒకరి తర్వాత ఒకరు రాయాలి. ఒక్కో వంతుకు సగటున నాలుగు గంటలు అనుకోండి, అది కూడా ఎక్కువ ఆశే. రౌండుకు 28 గంటలు. మనిషి మేలుకునేది రోజుకు 16 గంటలు కాబట్టి ఒక రౌండు దాదాపు రెండు రోజులు. ఐదు రౌండ్ల కొట్లాట తొమ్మిది రోజులు! తొమ్మిది రోజులు ఒక తోడేలును కొడుతూ కూర్చుంటే ఆట కాదు కదా, స్నేహం కూడా మిగలదు.

అంటే రాతలో ఆడే ఆటకు శత్రువు తోడేలు కాదు, రాక్షసుడు కాదు. మౌనం. ఎవరో ఒకరు రాయరు, వాళ్ల కోసం ఇంకొకరు ఆగుతారు, ఆ ఇద్దర్నీ చూసి మూడోవాడు 'రేపు చూద్దాంలే' అనుకుంటాడు. సూత్రధారి పని కథ చెప్పడమని అందరూ అనుకుంటారు. రాతలో మాత్రం సూత్రధారి మోసేది కథను కాదు, ఎదురుచూపును.

అందుకని వంతులు తీసేసినాం. మా నియమం ఇదీ: పొద్దున నేను పరిస్థితి రాస్తాను. రాత్రి తొమ్మిదిలోపు ఎవరు ముందు, ఎవరు వెనక అని లేకుండా ఎవరి పని వాళ్లు రాసేయాలి. తొమ్మిదికి అన్నీ కలిపి ఏం జరిగిందో నేను రాస్తాను. రాయనివాళ్ల పాత్ర ఆ పూటకు దీపం పట్టుకుని వెనకాల నడుస్తుంది. తిట్టడం లేదు, పర్సనల్‌గా 'ఎక్కడ చచ్చావురా' అని మెసేజ్ లేదు. దీపం పట్టుకోవడం అవమానం కాకూడదు. గేట్ కోచింగ్ ఆమె వరసగా నాలుగు రోజులు దీపం పట్టుకుంది. ఐదో రోజు వచ్చి ఆ దీపాన్నే పనిలోకి తెచ్చింది. ఎట్లనో తర్వాత చెబుతా.

ఇంతకీ ఎక్కడి దీపం, ఏ చీకటి? డ్రాగన్లు, యూరప్ కోటలు మాకెందుకని మొదటే అనుకున్నాం. పాతాళం కావాలంటే మన కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలు లేవా? 'బిలం' అన్న మాట నుంచే ఆ పేరు. కొలతకందిన పొడవు 3,229 మీటర్లు. నేల మీద మూడు గుంతల్లా కనిపిస్తాయి, నడిమి గుంతలోంచి లోపలికి దిగాలి. అట్టడుగున, నేలకు 46 మీటర్ల లోతులో, పాతాళగంగ. సన్నటి నీటి ధార అక్కడ కనిపించి మళ్లీ రాతిలోకి పోతుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల్ని రికార్డు చేశాడు. 1982, 83లలో డేనియల్ గెబాయర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి సర్వే చేసింది. 2002 నుంచి మనలాంటివాళ్లం టికెట్ కొని పోతున్నాం. మా ఆరుగురిలో ఐదుగురు స్కూల్ ఎక్స్‌కర్షన్‌లో చూసినవాళ్లే. లోపలి ఉక్క గురించి, చెమట గురించి నేను వర్ణించాల్సిన పని లేకుండా పోయింది. సగం వర్ణన చదివేవాడి ఒంట్లోనే ఉంటే సూత్రధారికి అంతకన్నా ఏం కావాల?

కాలం 1877 ఫిబ్రవరి. మన జేజిలు, అవ్వలు 'ధాత కరువు' అని చెప్పే కరువు అప్పుడు నడుస్తోంది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. మద్రాసు రాజధానిలో చాలా భాగం ఎండిపోయింది, అందులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మరీ ఘోరం. కరువు పనులకు పోయినవాళ్లకు సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌనంటే 450 గ్రాములు. ఆ తిండితో రోజంతా మట్టి మొయ్యాల. ఈ ఒక్క సంఖ్య గ్రూపులో పెట్టగానే మైదుకూరు వాడు వాళ్లింట్లో బియ్యం తూకమేసి ఫోటో పంపించాడు. ఆట అక్కడే మొదలైందని నా లెక్క.

ఊరి జనం నోట ఒక మాట ఉంది: బిలం దగ్గర ఎక్కడో పాత జొన్న పాతర ఉంది, ఎవరో మారాజు కాలంలో పూడ్చినారు అని. పాతర తెలుసు కదా? ధాన్యాన్ని నేలలో గుంత తీసి దాచే పద్ధతి. దాన్ని వెతకడానికి ఆరుగురు బయల్దేరతారు: ఎద్దులు చచ్చిపోయిన బండి తోలేవాడు, మంత్రసాని, బావులు తవ్వేవాడు, వీధిబడి పంతులు, గాజులమ్మే అవ్వ, పటాలంలోంచి పారిపోయి వచ్చిన సిపాయి. వీళ్లలో వీరులెవరూ లేరు. రాతలో ఆడేటప్పుడు ఇది మంచిది, ఎందుకంటే ఖడ్గవీరుడికి ఖడ్గం తిప్పడం తప్ప రాయడానికేం ఉండదు. గాజులమ్మే అవ్వకు ప్రతి ఊర్లో ప్రతి ఇంటి గుట్టూ తెలుసు.

మొదలుపెట్టే ముందు ఒక పని చేశాను. ఒక్కొక్కరికి విడిగా మెసేజ్ పెట్టి, 'ఈ కథలో ఏది రాకూడదు?' అని అడిగాను. ఐదుగురు 'ఏం లేదు, నీ ఇష్టం' అన్నారు. ఒకడు మాత్రం రెండు గంటల తర్వాత జవాబిచ్చాడు. "ఎవరింటి ముందరా వేటకొడవళ్లు వద్దు." కారణం రాయలేదు, నేను అడగలేదు. సీమ అనగానే సుమోలు, బాంబులు చూపించే సినిమాలకు మనం కూడా ఈలలు వేసినవాళ్లమే. కానీ ఈ జిల్లాల్లో ఫ్యాక్షన్ అనే మాట కొన్ని ఇళ్లలో సినిమా పేరు కాదు, గోడ మీద దండేసిన ఫోటో. గ్రూపులో పేరు చెప్పకుండా ఒకే లైను పెట్టాను: ఈ ఆటలో ఊళ్ల మధ్య పగలు, నరకడాలు ఉండవు.

పదకొండో రోజు దానికి పరీక్ష వచ్చింది. గుహ దారికి అడ్డంగా నిలబడిన తలారిని సిపాయి పాత్ర రాత్రిపూట గొడ్డలితో కాపు కాసి నరికినట్టు ఒక పేజీ రాసి పెట్టాడు మావాడు. బాగా రాశాడు కూడా, అదే చిక్కు. నేను తొమ్మిది వరకు ఆగలేదు. "ఇది జరగలేదు, మళ్లీ రాయి" అని వెంటనే పెట్టాను. వాడు గొణిగాడు, ఆట అన్నాక అన్నీ ఉంటాయన్నాడు, ఒక పూట దీపం పట్టుకున్నాడు. మరుసటి రోజు సిపాయి పోయి తలారి పక్కన కూర్చుని, తను పటాలం ఎందుకు వదిలేసి వచ్చాడో చెప్పడం మొదలుపెట్టాడు. తలారిగా రాయాల్సింది నేనే కాబట్టి నాకు పని పడింది. వాడికీ ఇంట్లో ఇద్దరు పిల్లలు, వాళ్లకూ ఆకలే. నాలుగు రోజులు ఆ ఇద్దరి మాటలే. చివరికి తలారే దారి చూపించాడు. బల్ల దగ్గరైతే మాట నోరు జారి పోతుంది, వెనక్కి తీసుకోవడం కష్టం. రాతలో ఆ సౌకర్యం ఉంది. వాడుకోండి, మొహమాటపడొద్దు.

ఇప్పుడు అసలు పాఠం: సూత్రధారి పోస్టు ఎట్లా రాయాలి. చాలామంది ఇట్లా రాస్తారు: 'మీరు గుహ దగ్గరికి చేరుకున్నారు. లోపల చాలా చీకటిగా ఉంది. ఏం చేస్తారు?' దీనికి వచ్చే జవాబు 'లోపలికి పోతాం', లేదా ఒక బొటనవేలు బొమ్మ. తప్పు వాళ్లది కాదు. ఆ పోస్టులో పట్టుకోవడానికి ఏమీ లేదు. నేను పెట్టింది దాదాపు ఇది:

'మూడు గుంతలు. నడిమి దాంట్లోంచి వేడి గాలి తగులుతోంది. పొద్దు గుంకుతా ఉంది. ఆముదం రెండు గిద్దలే మిగిలింది, ఇప్పుడు దిగితే తిరిగొచ్చేదానికి సరిపోతుందో లేదో. అవ్వా, గుంత అంచున పగిలిన గాజుముక్క ఉంది, పోయిన నెల నువ్వు అమ్మిన రంగే. పంతులూ, రాతి మీద గీతలున్నాయి, అక్షరాల మాదిరే ఉన్నాయి గానీ చదవడానికి రావడం లేదు. తలారి మాత్రం ఇంకో అడుగు ముందుకు రానంటున్నాడు.'

తేడా చూడండి. వర్ణన తక్కువ, చేతికిచ్చినవి ఎక్కువ. అవ్వను పేరు పెట్టి పిలిచాను, ఆమె జవాబు చెప్పక తప్పదు. పంతులికి ఒక ముడి ఇచ్చాను. మిగతావాళ్లకు ఉమ్మడిగా ఒక తొందర ఇచ్చాను: నూనె. పోస్టు ఫోన్ స్క్రీను దాటకూడదు. దాటితే రాత్రికి చదువుదామని పక్కన పెడతారు. అవధానం చూసినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. పృచ్ఛకుడు అడిగినదానికి అవధాని ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెప్పి, మిగతాది బాకీ పెట్టి, పక్క పృచ్ఛకుడి దగ్గరికి పోతాడు. ఆ బాకీ వల్లే సభ కదలదు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి లాంటి అవధానులున్న ప్రొద్దుటూరు మాకు పక్కనే కదా, ఈ పోలిక మా ప్రొద్దుటూరు అమ్మాయే తెచ్చింది. ధారణ మాత్రం నావల్ల కాదు, నోట్‌బుక్కే. ఎవరి దగ్గర ఏముంది, ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారు, నూనె ఎంత. గ్రూపులో వెనక్కి వెతుక్కోవచ్చు కదా అంటారు, పన్నెండు వందల మెసేజ్‌ల తర్వాత వెతికి చూడండి.

ఆ రాతి గీతల సంగతి. పత్తికొండ వైపు ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. అక్కడి చిన్న శిలాశాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. మడక దున్నినట్టు, చాలు చివర తిరిగి వెనక్కి. ఆ పద్ధతిని అరువు తెచ్చుకుని తెలుగు అక్షరాలతో నాలుగు వరుసలు తయారుచేసి ఫోటో పెట్టాను. కంప్యూటర్ సైన్స్ వాడు ఏదో సైఫర్ అనుకుని ప్రోగ్రామ్ రాస్తూ కూర్చున్నాడు. విప్పింది బండి తోలేవాడి పాత్ర వేసిన జమ్మలమడుగు పిల్లోడు. "పంతులూ, ఇది సదివేది కాదప్పా, దున్నేది. సాలు తిప్పినట్టు తిప్పు" అని రాశాడు.

ఈ పిల్లోడి గురించి కొంచెం చెప్పాల. క్లాసులో వాడు నోరు విప్పడు. ఫస్టియర్లో వాడి 'ఉండాది', 'పోతాండా' విని నవ్వినవాళ్లు ఉన్నారు. అప్పటి నుంచి ప్రెజెంటేషన్ అంటే కూడా పక్కవాడికి ఇచ్చేస్తాడు. గ్రూపులో మొదటి రెండు రోజులు పుస్తకాల తెలుగులో రాశాడు, బిగుసుకుపోయి ఉన్నాయి ఆ వాక్యాలు. మూడో రోజు బండి తోలేవాడితో "యాడికి పోతాండావప్పా? దీపం నీ చేతిలో ఉండాది, దోవ నా చేతిలో ఉండాది" అనిపించాడు. దానికి అందరూ ఒకేసారి జవాబు రాశారు. ఆ తర్వాత మా గ్రూపులో కథనం నా మామూలు తెలుగులో, మాటలన్నీ సీమ యాసలో స్థిరపడిపోయాయి. ఎవరూ తీర్మానం చేయలేదు. నేను చేసింది ఒక్కటే, తలారి చేత కూడా అట్లనే మాట్లాడించాను.

పాచికల విషయం త్వరగా ముగిస్తా. టెలిగ్రామ్‌లో పాచిక బొమ్మ పంపితే అంకె దానంతటదే పడుతుంది, మనం దిద్దలేం. కాబట్టి దొంగాటకు తావు లేదు. రెండు పాచికలు వేసి కలుపుతాం. పది, ఆపైన వస్తే అనుకున్నది జరుగుతుంది. ఏడు నుంచి తొమ్మిది వస్తే జరుగుతుంది గానీ ఏదో ఒకటి పోతుంది. ఆరు, ఆలోపు వస్తే కథ మీ మీదికి తిరుగుతుంది. 36 జతల్లో పూర్తి గెలుపు 6, నడిమిది 15, ఓటమి 15. తన పని తనకు బాగా తెలిసినవాడికి రెండు కలిపితే గెలుపు 15కు పెరుగుతుంది, ఓటమి 6కు తగ్గుతుంది. నాకు నచ్చేది ఆ నడిమి వరుస, ఎందుకంటే అది మళ్లీ ఒక బాకీ పుట్టిస్తుంది. ఇంట్లో చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడినవాళ్లకు ఈ లెక్క కొత్తేం కాదు, నాలుగూ ఒకే వైపు పడటం ఎంత అరుదో చేతికి తెలుసు. రాతలో మాత్రం ఒక జాగ్రత్త: వేయకముందే గెలిస్తే ఏమిటి, ఓడితే ఏమిటి అని రాసేయండి. వేశాక చర్చ పెడితే ఒక రోజు పోతుంది. ఆధారం దొరకడానికి మాత్రం పాచిక ఎప్పుడూ వేయించొద్దు. ఆరు పడి ఆధారం దొరక్కపోతే ఆరుగురూ గోడ చూస్తూ కూర్చుంటారు.

రాతలో ఉన్న మంచి ఒకటి బల్ల దగ్గర లేదు: గుంపును చీల్చవచ్చు. బల్ల దగ్గర ముగ్గురు లోపలికి, ముగ్గురు బయటికి పోతే ఒక జట్టు గోళ్లు కొరుక్కుంటూ కూర్చోవాలి. ఇక్కడ రెండు కథలూ పక్కపక్కన నడుస్తాయి. పైగా ఒకరి చెవిలో మాత్రమే ఒక మాట వేయవచ్చు. బావులు తవ్వేవాడికి విడిగా రాశాను: 'కాలి కింద నేల డొల్లగా మోగింది.' వాడు ఆ మాట రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత జరిగిన గొడవ నేను కల్పించగలిగిన దేనికన్నా బాగుంది.

ముప్పయ్యో రోజుకు అందరూ పాతాళగంగ దాకా దిగాలని చూస్తున్నారు. పాతర ఎక్కడుందో నేను ముందుగా ఖాయం చేసుకోలేదు, కావాలనే మూడు చోట్లు రాసి పెట్టుకున్నాను. అప్పుడు మా సివిల్ బ్రాంచ్ వాడు అడ్డం తిరిగాడు. "ఒరే, లోపల అంత ఉక్క, గోడలు చెమ్మ. అక్కడ జొన్నలు పోస్తే నెలలో మొలకలొస్తాయి. దాచినోడు పిచ్చోడా? పాతర పైనే, ఎండిన నేల్లోనే ఉండాల." వాదన నా మూడు చోట్ల కన్నా బాగుంది. కాబట్టి అదే నిజం. పాతర గుంతలకు అవతల, బావులు తవ్వేవాడి కాలి కింద డొల్లగా మోగిన నేల్లో ఉంది.

మూత రాయి జరిపారు. సిపాయి వెంటనే దిగుతానన్నాడు. అప్పుడు మా గేట్ కోచింగ్ ఆమె, మంత్రసాని, "ఆగు. ఇన్ని రోజులు దీపం మోసింది ఎందుకనుకున్నావు?" అని దీపాన్ని తాడు కట్టి కిందికి వదిలింది. మనిషి లోతు కూడా పోకముందే ఆరిపోయింది. ధాన్యం కూడా గాలి పీలుస్తుంది, మూసిన గుంతలో ప్రాణవాయువు అయిపోయి బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. పాతర తెరిచిన వెంటనే దిగి మనుషులు చనిపోయిన సంగతి మన ఊళ్లలో పెద్దవాళ్లు చెబుతారు. ఆమెకు వాళ్ల జేజి చెప్పిందట. ఒక రాత్రంతా మూత తీసి పెట్టి, తెల్లారాక మళ్లీ దీపం వదిలి, అది వెలుగుతూ ఉంటేనే దిగారు. దీనికి పాచిక వేయించలేదు. తెలివిగా చేసిన పనిని అదృష్టం మీద వదలడం నాకిష్టం లేదు.

లోపల నలభై బస్తాల జొన్నలు. ఊర్లో మూడు వందల మంది. బస్తా 75 కిలోలనుకుని పంతులు లెక్క వేశాడు: మనిషికి టెంపుల్ దొర ఇచ్చే ఆ ఒక్క పౌనే ఇచ్చినా ఇరవై రెండు రోజులు. తర్వాత? వాన పడాలంటే జూన్. పడితే విత్తనాలేవి?

చివరి నాలుగు రోజులు గుహ లేదు, పాచిక లేదు, నేను రాసింది కూడా దాదాపు ఏమీ లేదు. విత్తనానికి ఎన్ని బస్తాలు పక్కన పెట్టాలి అన్నదాని మీదే ఆరుగురూ రాశారు, అర్ధరాత్రి దాకా. అవ్వ మొత్తం పంచేయమంది, ముసలివాళ్లు జూన్ దాకా ఉండరని. సిపాయి పది దాచమన్నాడు. తలారి పిల్లల వాటా గురించి ఎవరూ ఎత్తకపోతే సిపాయే ఎత్తాడు. బండి తోలేవాడు ఐదు బస్తాలన్నాడు, అవి కూడా ఎవరింట్లోనూ వద్దు, మళ్లీ పాతరలోనే పోసి మూత మీద తను పడుకుంటానన్నాడు. "ఎద్దులు ల్యాకపోయినా కాడి నేను మోస్తా, ఇత్తనం తినొద్దండి" అని రాశాడు.

ఐదు దగ్గర తెగింది, నలుగురికి ఇద్దరు. అవ్వ ఒప్పుకోలేదు, చివరి మెసేజ్‌లో కూడా ఒప్పుకోలేదు. రెండు రోజుల తర్వాత కాలేజీ తెరిచారు. క్యాంటీన్‌లో కూర్చుని అవ్వ, బండి తోలేవాడు ఇంకా దాని మీదే కొట్లాడుకుంటుంటే పక్క బల్ల వాళ్లు ఎవరి ఆస్తి తగాదా అని అడిగారు.